బ్రతికి ఉన్నాము సరే, ఎట్లా ఉన్నాము?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మంత్రాలయంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది దయతో వేసే భిక్ష కాదని, మనం చేసిన సేవకు మనకు రావలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ రోజునే మనం పండుగ చేసుకుంటున్నాము. డి.ఏ. బకాయిల మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. ఎల్.డి.సి.గా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. షుగరుకు ఏ పథ్యం, బి.పి.కి ఏ మాత్ర అన్నది నన్ను అడగవద్దు. గుమాస్తాకు తెలిసింది లెక్క. అందువలన ఆరోగ్యాన్ని ఎట్లా లెక్కకడతారో, ఆ లెక్కలో మనం ఎక్కడున్నామో మనవి చేస్తాను.

ప్రతి సంవత్సరం మనమంతా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము. పూర్వం ట్రెజరీకి పోయి సంతకం పెట్టేవాళ్ళం. ఇప్పుడు యంత్రం మీద వేలు పెడుతున్నాము, వేలిగీతలు అరిగిపోయినవారు కన్ను చూపిస్తున్నారు. పద్ధతి ఏదైనా అందులో ఉండే ప్రశ్న ఒక్కటే. ఈ మనిషి ఉన్నాడా, లేడా? ఉంటే 1, లేకపోతే 0. చేను దాకా నడిచిపోయి శనక్కాయలు తెచ్చుకునేవాడూ ఉన్నట్లే, మూడేళ్ళుగా మంచం దిగనివాడూ ఉన్నట్లే. పెన్షను ఇవ్వడానికి ఆ మాత్రం చాలు. ఆసుపత్రులకు, మందులకు, ఆపరేషన్లకు సొమ్ము పంచడానికి మాత్రం చాలదు. మోకాళ్ళ నొప్పితో ఎవరూ చావరు. శుక్లాలతో చావరు. చెవుడుతో చావరు. చావులు మాత్రమే లెక్కపెడితే వీటికి పద్దులో చోటే ఉండదు. అందువలన 1కీ 0కీ మధ్య మనిషిని ఎక్కడ నిలబెట్టాలి అన్న ప్రశ్న పుట్టింది. ఆ అంకె ఎవరు వేయాలి అన్నది దానికంటే పెద్ద ప్రశ్న. ఈ రెండో ప్రశ్న కోసమే నేను ఇక్కడ నిలబడ్డాను.

నా సర్వీసులో చాలా భాగం కార్మిక శాఖలో గడిచింది. ఆదోని అంటే పత్తి. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు. చేయి పోయినవాళ్ళ కాగితాలు, వేళ్ళు పోయినవాళ్ళ కాగితాలు నా బల్ల మీదుగా ఎన్నో పోయాయి. మేము వాడిన 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం వెనుక ఒక షెడ్యూలు ఉండేది. శరీరంలో ఏ అవయవం పోతే సంపాదన శక్తి నూటికి ఎంత పోయినట్లో అందులో రాసి ఉండేది. రెండు చేతులూ పోతే 100. బొటనవేలు పోతే 30. ఒక కన్ను పోయి రెండవది బాగుంటే 40. పూర్తి చెవుడుకు 100. ముఖం దారుణంగా వికృతమైపోతే అదీ 100.

ఆ చట్టంలో ఇంకొక చిత్రం ఉండేది. 1995 సవరణ తరువాత, పనిలో మనిషి చనిపోతే అతని నెల జీతంలో 50 శాతాన్ని, బ్రతికి ఏ పనికీ రాకుండా పడిపోతే 60 శాతాన్ని, వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించి పరిహారం కట్టేవాళ్ళం. కొత్తగా వచ్చిన గుమాస్తాలు ఇది టైపు తప్పేమో అని అడిగేవారు. తప్పు కాదు. పోయినవాడికి తిండి ఖర్చు లేదు, పడి ఉన్నవాడికి ఉంది. అంతే. చావుకంటే ఖరీదైన బ్రతుకు ఒకటి ఉందని చట్టం ఏనాడో ఒప్పుకున్నది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికి వస్తాను.

అయితే ఆ షెడ్యూలులో రెండు లోట్లు. ఆ అంకెలు వేసే ముందు ఏ హమాలీనో, ఏ మిల్లు కూలీనో "నీకు ఏది పోతే ఎంత కష్టం నాయనా" అని అడిగిన జాడ అందులో లేదు. రెండవది, అది కొలిచేది సంపాదనను. బాధను కాదు. ఆ కొలతబద్ద తీసుకుని మనలను కొలిస్తే, సంపాదన లేనివాళ్ళం కనుక మన మోకాలికి విలువ సున్న.

బాధను కొలవాలంటే మనుషులను అడగాలి. ఎట్లా అడగాలో మొదట దారి చూపినవారిలో కెనడా దేశపు జార్జ్ టోరెన్స్ ఒకరు. 1972లో ఆయనా, ఆయన సహచరులూ ఒక ప్రశ్న తయారుచేశారు. ఇంగ్లీషులో దాన్ని టైం ట్రేడాఫ్ అంటారు. నేను ఏళ్ళ మారకం అంటాను. ప్రశ్న ఇది: ఫలానా జబ్బుతో పదేళ్ళు బ్రతుకుతావు. లేదా ఏ జబ్బూ లేకుండా అంతకంటే తక్కువ ఏళ్ళు బ్రతుకుతావు. ఎన్ని ఏళ్ళైతే రెండూ నీకు సమానం? ఏడేళ్ళు అన్నారనుకోండి. ఆ జబ్బుతో గడిపే ఒక ఏడాది విలువ 0.7. నాలుగేళ్ళే చాలు అంటే 0.4. జబ్బు ఎంత దుర్భరమైతే అన్ని ఏళ్ళు వదులుకుంటారు.

ఇది వింతగా తోచవచ్చు. మనకు వింత కాకూడదు. రిటైరైన రోజున కమ్యుటేషన్ కాగితం మీద సంతకం పెట్టలేదా? పెన్షనులో 40 శాతం దాకా వదులుకుని, పదిహేనేళ్ళ సొమ్మును ఒక్క మొత్తంగా తీసుకోలేదా? కొందరు ఆ డబ్బుతో కూతురి పెళ్ళి చేశారు, కొందరు ఇల్లు కట్టారు. నాకు తెలిసిన ఒకాయన "పదిహేనేళ్ళు నేనుంటానో లేదో" అని మొత్తం తీసుకున్నాడు, పునరుద్ధరణ అయిన తరువాత కూడా నిక్షేపంగా ఉన్నాడు, ఈ సభలోనే మూడో వరుసలో ఉన్నాడు. రేపటి దాన్ని ఈనాటి దానితో తూచుకోవడం మనకు చేతనైన పనే. అక్కడ తూచింది రూపాయలు, ఇక్కడ తూచేది ఏళ్ళు.

ఏళ్ళను మార్చుకునే మాట మన భాషలో కూడా ఉంది. పసిబిడ్డకు తల మీద చేయి పెట్టి మన అవ్వలు ఏమంటారు? "నా ఆయుష్షు కూడా పోసుకుని నూరేళ్ళు బ్రతుకు" అంటారు.

ఒక్క ప్రశ్నతో పని కాదు. ఏ జబ్బు ఎట్లా ఉంటుందో వర్ణించి చెప్పాలి కదా. 1987లో ఐరోపా దేశాల పరిశోధకులు కొందరు యూరోక్వాల్ అనే బృందంగా చేరి, మనిషి స్థితిని ఐదు అంశాలలోకి కుదించారు. నడవగలుగుతున్నావా, స్నానం, బట్టలు కట్టుకోవడం వంటి నీ పని నీవు చేసుకోగలుగుతున్నావా, రోజువారీ పనులు సాగుతున్నాయా, నొప్పి, అసౌకర్యం ఎంత ఉంది, ఆందోళన, దిగులు ఎంత ఉంది. ఒక్కొక్కదానికి మొదట మూడు మెట్లు పెట్టారు, తరువాత ఐదు చేశారు. ఏ ఇబ్బందీ లేదు, కొద్దిగా, ఒక మోస్తరుగా, తీవ్రంగా, అసలు చేతకాదు. ఐదును ఐదుసార్లు హెచ్చిస్తే 3,125 రకాల స్థితులు వస్తాయి. ఆ స్థితులలో కొన్నింటిని జనానికి చెప్పి ఏళ్ళ మారకం అడిగి, మిగిలినవాటికి గణితంతో అంకె కడతారు. దీని పేరు ఈక్యూ-ఫైవ్-డి. తెలుగులో కూడా ఉంది.

ఈ అంకెలతో ఏం చేస్తారు? ఒక ఉదాహరణ చెబుతాను, అంకెలు నేను వేసుకున్నవే. శుక్లం వచ్చిన మనిషి బ్రతుకు 0.7 దగ్గర ఉందనుకోండి. ఆపరేషన్ చేస్తే 0.9 అవుతుంది. ఆ తరువాత పదేళ్ళు బ్రతికితే 0.2ను పదితో హెచ్చించగా 2. అంటే పూర్తి ఆరోగ్యంతో ఉండే రెండేళ్ళు ఆ మనిషికి ఇచ్చినట్లు. వీటిని క్వాలీలు అంటారు. ఆపరేషన్ ఖర్చును ఆ రెండుతో భాగిస్తే ఒక్కొక్క మంచి ఏడాదికి ఎంత పడిందో తెలుస్తుంది. ఇంకొక మందుకు అదే లెక్క కడితే పోల్చవచ్చు. ఇంగ్లండులో 1999లో పెట్టిన నైస్ అనే సంస్థ ఇటువంటి లెక్క చూసుకునే ఏ మందు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలో చెబుతూ వచ్చింది. మన దేశంలో 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ కింద ఇటువంటి పనికే ఒక ఏర్పాటు జరిగింది. వారు మొదట్లో పరిశీలించిన విషయాలలో శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే కటకాలు ఒకటి. కంట్లో ఏ లెన్సు పెట్టాలి అన్న దాని వెనుక కూడా ఈ లెక్క ఉందన్న మాట.

మరి మనవాళ్ళను ఎవరైనా అడిగారా? అడిగారు. హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్‌కు చెందిన డాక్టర్ ప్రశాంత మహాపాత్ర, ఆయన ఆంధ్రప్రదేశ్ కేడరు ఐ.ఏ.ఎస్. అధికారి కూడా, తన సహచరులతో కలిసి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మామూలు జనాన్ని అడిగి వేర్వేరు ఆరోగ్య స్థితులకు విలువ కట్టించారు. ఆ ఫలితాలు 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పెద్ద గ్రంథంలో ఒక అధ్యాయంగా వచ్చాయి. ఇటువంటి ప్రశ్నలు చదువుకున్న దేశాలవారికే అర్థమవుతాయి అనుకునే కాలంలో తెలుగు ఊళ్ళలో అడిగి చూపించారు. ఈ సంగతి మన పత్రికలలో రావలసినంతగా రాలేదని నా అభిప్రాయం.

తరువాత దేశం మొత్తానికి పనికివచ్చే లెక్క ఒకటి కావాలని చండీగఢ్ పి.జి.ఐ. పరిశోధకులు ఐదు రాష్ట్రాల్లో 3,548 మందిని కంప్యూటరు సాయంతో ముఖాముఖి అడిగారు. 2022లో ప్రచురించారు. అప్పటికి ఐదు మెట్ల ప్రశ్నావళితో ఏ దేశంలోనూ అంతమందిని అడగలేదు. అందులో ఐదు అంశాలూ అడుగు మెట్టున ఉన్న స్థితికి, అంటే నడవలేడు, తన పని చేసుకోలేడు, ఏ పనీ సాగదు, భరించలేని నొప్పి, భరించలేని దిగులు, ఈ స్థితికి వచ్చిన అంకె ఎంతో తెలుసునా? మైనస్ 0.923. సున్న అంటే చావు. చావుకంటే చాలా కింద. ఇందాక చెప్పిన 50 శాతం, 60 శాతం లెక్క ఇక్కడ జనం నోట వచ్చింది.

ఇదే ప్రశ్నావళికి 2018లో ప్రచురించిన ఇంగ్లండు లెక్కలో అడుగున ఉన్న అంకె మైనస్ 0.285. మనవాళ్ళకూ వారికీ ఇంత తేడా ఎందుకు? గణిత పద్ధతులలో తేడా కొంత ఉంటుంది. నాకు తోచింది మనవి చేస్తాను, ఇది నా ఊహ. అక్కడ మంచాన పడినవాడి దగ్గరకు నర్సు వస్తుంది, చక్రాల కుర్చీ వస్తుంది. ఇక్కడ మంచాన పడితే ఇంట్లో ఒక ఆడమనిషి తన బ్రతుకు ఆపుకుని కూర్చోవాలి. సాయంత్రం గుడికి పోయినప్పుడు మనలో ఎంతమంది కోరుకునేది ఇదే కాదు? "కాలూ చేయీ ఆడుతుండగానే, ఒకరిచేత చేయించుకోకుండా తీసుకుపో స్వామీ" అని. ఆ ఐదు ప్రశ్నలలో "నేను ఒకరికి భారమయ్యాను" అన్న అంశం లేదు. నన్ను అడిగితే మన వయసువాళ్ళకు మొదట ఉండవలసింది అదే.

మా అక్క సంగతి చెప్పవలసి ఉంది. ఆమె ఎమ్మిగనూరులో ఉంది, ఎనభై దాటింది. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం పేరు విననివారు ఇక్కడ ఉండరు. ఆ ఊరి మగ్గాల మధ్యనే ఆమె కాపురం సాగింది. బావగారు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తే, ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. ఇప్పుడు కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఈ విషయాలు చదువుతున్న రోజుల్లో ఒకనాడు ఆమెకు ఈ ప్రశ్న చెప్పాను. ఈ మోకాళ్ళతో పదేళ్ళు ఉంటావా, చక్కగా నడుస్తూ ఐదేళ్ళు చాలా అని. ఆమె చాలాసేపు ఆలోచించింది. తరువాత నన్నే అడిగింది.

"నేను ఇడిసిపెట్టిన ఏండ్లు యాడికి పోతాయిరా?"

ఎక్కడికీ పోవక్కా, ఊరికే లెక్క అన్నాను.

"మా పెద్దోనికి పడతాయంటే ఐదు గాదు, పదీ తీసుకోండి. ఊరికే పోయేటట్లయితే ఒగ దినం గూడ ఇయ్యను."

ఆమె పెద్దకొడుక్కి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇప్పుడు ఆమె మోకాళ్ళకు ఎంత అంకె వేయాలి? తన కోసమైతే ఒక్కరోజు కూడా వదలనన్నది కనుక ఆ పద్ధతి ప్రకారం 1 వేయాలి. అంటే ఏ బాధా లేనట్లు! రాత్రంతా మూలుగుతుందని కోడలు చెబుతుంది. ఆయుష్షు ఎవరి సొత్తు వారిదే అనుకుని తయారుచేసిన ప్రశ్న అది. మన ఇళ్ళల్లో ఆయుష్షు ఉమ్మడి ఆస్తి. కొందరేమో "దేవుడిచ్చిన దానిలో కోత పెట్టడానికి నేనెవరు" అని అసలు జవాబే ఇవ్వరు. అందుకని ఏళ్ళ మారకం ఒక్కటే కాక, రెండు స్థితులు పక్కపక్కన చెప్పి ఏది నయమో చెప్పమనే పద్ధతి కూడా వాడుతున్నారు. చండీగఢ్ వారు రెండూ వాడారు. మా అక్కవంటి వారికి ఆ రెండవదే సులువు.

ఇంకొకరి సంగతి. నాతో పనిచేసిన మిత్రుడికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎడమచేత్తో సంతకం నేర్చుకుని బ్యాంకులో కొత్త నమూనా ఇచ్చాడు. నూటికి నీ ఆరోగ్యానికి ఎన్ని మార్కులు వేసుకుంటావు అంటే, తడుముకోకుండా ఎనభై అన్నాడు. పక్కనే ఆరోగ్యంగా ఉన్న ఇంకొకాయనను "నీకు కుడిచేయి పడిపోతే ఎన్ని వేస్తావు" అంటే ఇరవై అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. బయటనుండి చూసినవాడికి గుంత లోతుగా కనపడుతుంది, అందులో పడి నేల తగిలినవాడు సర్దుకుంటాడు. ప్రపంచంలో ఎక్కడ కొలిచినా ఈ తేడా కనపడుతూనే ఉంది. అయితే లెక్కలో ఎవరి మాట తీసుకోవాలి? పన్ను కట్టేది అందరూ, జబ్బు ఎవరికైనా రావచ్చు, కనుక సామాన్య ప్రజలనే అడగాలని ఒక వాదన. అనుభవించేవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది అని ఇంకొక వాదన.

నాకు రెండవ వాదన మీద మనసు పోతుంది. కానీ అందులో ఒక ప్రమాదం ఉంది. నా మిత్రుడి ఎనభైని తీసుకుంటే, అతనికి ఫిజియోథెరపీ ఇచ్చినా పెరిగేది కొంచెమే కదా అని లెక్క చెబుతుంది. సర్దుకుని బ్రతికినందుకు శిక్ష వేసినట్లు. అమర్త్య సేన్ 2002లో ఒక వ్యాసంలో ఇటువంటిదే చెప్పారు. జబ్బుగా ఉన్నామని చెప్పుకునేవారు ఆయుర్దాయం ఎక్కువ ఉన్న కేరళలో ఎక్కువ, బీహారులో తక్కువ. బీహారువారు ఆరోగ్యంగా ఉన్నారని కాదు, చెప్పుకునే అలవాటు, చూపించుకునే ఆసుపత్రి లేవని.

మనం కూడా అంతే. ఎవరైనా "ఎట్లుండావు పెద్దాయనా" అంటే "బాగనే ఉండాం" అంటాము. అది మర్యాద. సర్వే వారు వచ్చినా అదే అంటే నొప్పి కాగితం మీదికి ఎక్కదు. మా ఆవిడను రోజువారీ పనులకు ఇబ్బంది ఉందా అని అడిగితే లేదనే అంటుంది. వంట ఆగలేదు కదా! గోడ పట్టుకుని, మధ్యలో మూడుసార్లు కూర్చుని వండుతుంది. ఆ మూడుసార్లు కూర్చున్నది ఏ గడిలో రాయాలి? నొప్పి అన్న ఒక్క మాట చాలా మనకు? పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, గుంజడం వేరు. ఆందోళన అంటే తలాడించేవారు తక్కువ, దిగులు అంటే అందరికీ తెలుసు. పైగా మన ఆదోని వైపు ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, ఎదురింట్లో ఉర్దూ.

వయసు సంగతి కూడా వినండి, ఇది మనకు నేరుగా తగులుతుంది. 1993లో ప్రపంచ బ్యాంకు నివేదికలో డాలీ అనే ఇంకొక కొలత వచ్చింది. ఇది ఎంత మంచి ఆయుష్షు పోయిందో లెక్కకడుతుంది. అప్పట్లో అందులో అన్ని ఏళ్ళకూ ఒకే తూకం లేదు. ఇరవై అయిదేళ్ళ వయసు దగ్గర తూకం అన్నింటికంటే ఎక్కువ, ముసలితనంలో తక్కువ. సమాజం వాళ్ళ మీద ఆధారపడి ఉంది కనుక అని కారణం చెప్పారు. మన రాష్ట్రంలో డెబ్బై దాటితే అదనపు పెన్షను ఇస్తారు, అక్కడ డెబ్బై దాటితే ఏడాదికి తరుగు తీశారు! చాలామంది అభ్యంతరం చెప్పిన మీదట 2010 సంవత్సరపు లెక్కల నుండి ఆ తూకం ఎత్తివేశారు. అంటే ఈ అంకెలు శాసనాలు కావు, అడిగితే మారతాయి.

అడిగే తీరును బట్టి కూడా మారతాయి. పాత డాలీ లెక్కలో గుడ్డితనానికి నష్టం 0.6 అని కొద్దిమంది వైద్య నిపుణులు వేశారు. 2010 లెక్కకు అనేక దేశాల్లో 30 వేలమందికి పైగా సామాన్యులను అడిగారు. అది 0.195కు పడిపోయింది. జనానికి గుడ్డితనమంటే చులకనా? కాదు. ఇద్దరు మనుషులను వర్ణించి "వీరిలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు" అని అడిగారు. చూపు లేనివాడు జబ్బుమనిషి కాదు కదా అని చాలామంది అనుకుని ఉంటారు. "ఎవరి బ్రతుకు కష్టం" అని అడిగి ఉంటే ఏం చెప్పేవారో! కంటి డాక్టర్లు దీనిమీద గట్టిగా విమర్శించారు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు 1996 నుండి 2000 దాకా హైదరాబాదులో, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేలమందికి పైగా కళ్ళు పరీక్షించినప్పుడు, చూపు తగ్గినందువలన బ్రతుకులో ఏమేమి తగ్గిందో కూడా ప్రశ్నించి రాసుకున్నారు. కండె దారం తెగితే ముడివేయలేని మా అక్క వంటివారి కష్టం అటువంటి ప్రశ్నలకు దొరుకుతుంది. మూడు మెట్లకో ఐదు మెట్లకో దొరకదు.

ఇంతమాత్రాన ఈ కొలతలు వద్దని నేను అనడం లేదు. ఆ మాట అనేవారు సంఘంలో ఉన్నారు, మనిషి బాధకు అంకె ఏమిటని. అంకె లేకపోయినా ఎవరో ఒకరు నిర్ణయం తీసుకుంటూనే ఉంటారు. అప్పుడు గట్టిగా అరవగలిగినవాడిదీ, పైన తెలిసినవాడు ఉన్నవాడిదీ జరుగుతుంది. ఫైలులో అంకె ఉంటే కనీసం దాన్ని ఎత్తి చూపి ఇది ఎక్కడినుండి వచ్చింది అని అడగవచ్చు. నలభై ఏళ్ళు ఫైళ్ళు మోసినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు.

కాబట్టి సభాధ్యక్షుల అనుమతితో ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. ముసాయిదా కార్యదర్శిగారికి ఇచ్చాను. మన రాష్ట్రంలో ఆరోగ్య స్థితులకు విలువకట్టే సర్వే ఎవరు చేసినా, డెబ్బై దాటినవారిని, అక్షరం రానివారిని, మంచాన ఉన్నవారిని వదిలిపెట్టకుండా అడగాలని. మంచాన ఉన్నవారి ఇంట్లో సేవ చేసే మనిషిని విడిగా అడగాలని. ప్రశ్నలు ఈ ప్రాంతపు తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో చదివి వినిపించాలని. ఒకరిమీద ఆధారపడవలసి రావడం గురించి ఒక ప్రశ్న చేర్చాలని ఆరోగ్యశాఖను కోరుతూ. మార్పులు ఏవైనా ఉంటే భోజనానంతరం చెప్పండి, అప్పుడే ఓటుకు పెడదాం.

ఇంకొకటి. ఆ ఐదు అంశాలూ నా మాటల్లో ఒక కాగితం మీద రాసి జిరాక్సులు తీయించాను. మజ్జిగ కుండల పక్కన బల్ల మీద ఉన్నాయి. ఈసారి డాక్టరు దగ్గరకు పోయే ముందు రాత్రి నింపుకుని జేబులో పెట్టుకోండి. అక్కడ కూర్చున్న తరువాత "బాగనే ఉండాం" అనకుండా కాగితం ఇవ్వండి. ఆరవ గీత ఖాళీగా వదిలాను, అందులో లేని కష్టం ఏదైనా ఉంటే రాయడానికి. చూపు ఆననివారికి నేను చదివి నింపిపెడతాను, భోజనాల తరువాత ఆ వేపచెట్టు కింద ఉంటాను. ఆడవాళ్ళు ముందు రండి.